బతికిన లెంక

ఆ యేటి వైశాఖంలో మానుగిరి దుర్గాన్ని దూరం నుంచి చూసినవాడికి అది కోటలా కాక, కొండ నెత్తిన రగులుతున్న కొలిమిలా కనిపించి ఉండాలి. దిగువ మైదానమంతా పడమటి రాయని డేరాలే. ఆ డేరాల ముందు బండరాళ్లు రువ్వే యంత్రాలు. ఆ రాళ్లు తగిలి నెర్రెలు విచ్చిన బురుజుల మీద నుంచి కాగిన నూనె, కాల్చిన ఇసుక, బాణాల వాన. అగడ్తలో నీళ్లు ఎప్పుడో ఇంకిపోయి, నీళ్లకు బదులు శవాలు నిండాయి. ఏనుగని లేదు, గుర్రమని లేదు, దొరని లేదు, బంటని లేదు, పడ్డవి పడ్డచోటనే కుళ్లి, గాలి మళ్లినప్పుడల్లా ఆ కంపు రాణివాసపు గవాక్షాల దాకా ఎగబాకేది. ఆకలితో అలమటించని ప్రాణులు ఆ చుట్టుపక్కల ఏవైనా ఉన్నాయంటే అవి రాబందులే.

అయినా కోట లొంగలేదు. ఎందుకు లొంగలేదో కోటలో ఎవరినడిగినా చెబుతారు: సింహద్వారం దగ్గర లెంకలున్నారు కాబట్టి.

లెంక అంటే జీతానికి కత్తి పట్టే భటుడు కాడు. నిండు కొలువులో ప్రభువు కంచంలోని మొదటి ముద్ద ప్రభువు చేతి మీదుగా తిని, ఎడమకాలికి కంచు పెండేరం తొడిగించుకుని, కమ్మరి దాని కొసలు కలిపి సుత్తితో బిగగొడుతుండగా, "ప్రభువును విడిచి పోను, ప్రభువు పోయాక ఉండను, కాలుండగా పెండేరం ఊడదు" అని ప్రమాణం చేసినవాడు లెంక. అది ఉత్త నోటిమాట కాదు. సింహద్వారానికి లోపలి పక్కన చంపుడుగుడి అని చిన్న భైరవాలయం ఉంది. ప్రభువు కన్నుమూస్తే లెంకలు అక్కడికి వెళ్లి, రణరంగంలోనైతే ఉన్నచోటనే, తమ తలలు తామే భైరవుడికి అర్పించాలి. మరి యుద్ధపు గందరగోళంలో ప్రభువు ఉన్నాడో పోయాడో తెలిసేదెలా? తెల్లగొడుగును బట్టి. కోటలో రాజనగరి మేడ మీదనైనా, రణరంగంలో ఏనుగు మీదనైనా శ్వేతచ్ఛత్రం నిలిచి ఉంటే ప్రభువు ఉన్నట్టు, గొడుగు పడిందంటే ప్రభువు పడినట్టు. తాతల నాటి నుంచి వస్తున్న కట్టడి అది. దాన్ని ప్రశ్నించాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు.

ఆ గుడి ముందు వరసగా పదకొండు వీరగల్లులు. ఒక్కో రాతి మీద ఒక్కో వీరుడు, తెగిన తన తలను తనే జుట్టు పట్టి ఎత్తి నిటారుగా నిలబడ్డవాడు. ఏనాడూ పసుపు కుంకుమలు ఆరని రాళ్లవి. వాటి పక్కనే ఒక ముసలివాడు సాన ముందేసుకుని పొద్దస్తమానం కత్తులకు పదును పెడుతుంటాడు. అతని ఎడమకాలికీ పెండేరం ఉంది. మెడ మీద తలకాయా ఉంది. మానుగిరి జనానికి అతని మీద కోపమల్లా ఆ తలకాయ ఇంకా అక్కడే ఉన్నందుకు.

అతని పేరు ఎఱపోతు లెంక. ఆ పేరుతో పిలిచేవాళ్లు తక్కువ. ఊరందరికీ అతను 'బతికిన లెంక'.

ఆ రోజు ఎండ నడినెత్తికి వస్తుండగా అతని భార్య మైలసాని అంబలికుండ చంకన పెట్టుకుని వచ్చింది. ముట్టడి మొదలైనప్పటి నుంచి అంబలిలో జొన్నపిండి తగ్గుతోంది, నీళ్లు పెరుగుతున్నాయి.

"గొంకడి అయ్యా, ఆ కత్తులెక్కడికీ పోవు. ముందు ఇది తాగు. తాగుతున్నానా, మొహం చూసుకుంటున్నానా అని మాత్రం అడక్కు."

"గొంకడు తాగాడా?"

"ఇంకా లేదు. నా చేతి అంబలి తాగుతాడు. నీ పక్కన కూర్చుని తాగడు, అంతేగా."

ఎఱపోతు కుండ అందుకున్నాడు. గొంకడు వాళ్ల ఆఖరి కొడుకు. ఈనాడు ద్వారం కాస్తున్న అరవైమంది లెంకలకు నాయకుడు. తండ్రి తెచ్చిన మచ్చ కడగాలని మీసం మొలిచీ మొలవకముందే పెండేరం వేయించుకున్నాడు. ఆ రోజు నుంచి తండ్రితో తిండి పొత్తు మానేశాడు. ద్వారం దగ్గర ఇద్దరి మధ్యా దూరం ఇరవై బారలుంటుందేమో, ఆ కొడుకు ఈ పక్కకు చూడడు.

అసలు ఆ మచ్చ ఏమిటో చెప్పకపోతే ఈ కథ నడవదు.

నలభై ఏళ్ల కిందట, ఇప్పటి రాజు మాచనదేవుడి తండ్రి కొమ్మనదేవ మహారాజు గుండ్లవాగు ఇసుకలో ఇదే పడమటి రాయని తండ్రితో తలపడ్డాడు. చుట్టూ పన్నెండుమంది లెంకలు. ఇసుక నెత్తురు తాగి తాగి ఇక తాగలేక, గుర్రపు డెక్కల కింద ఎర్రగా చిమ్మే వేళకు, ఛత్రం పట్టినవాడి గొంతులో బాణం దిగింది. ధూళిలో తెల్లగొడుగు ఒరిగింది, కనబడకుండా పోయింది. లెంకలు చూశారు. శత్రువు గుర్రాలు మీదికి వస్తుండగానే పదకొండుమంది మోకాళ్ల మీద కూలబడి, జుట్లు విప్పి, ప్రభువు పేరు చెప్పి తలలు తీసుకున్నారు. పన్నెండోవాడు ఎఱపోతు. చచ్చిన గుర్రం కింద తొడదాకా ఇరుక్కుని, కత్తి అందక, వేళ్లతో ఇసుక గీరుకుంటూ తోటివాళ్ల తలలు దొర్లడం ఒక్కొక్కటీ చూశాడు. చివరికి కత్తి అందింది. మెడకు ఆనించుకున్నాడు కూడా.

అప్పుడు వినబడింది కూలిన ఏనుగు వెనక నుంచి, బాగా తెలిసిన గొంతు: "నా లెంకలేరిరా?"

మహారాజు చావలేదు. తొడ ఎముక విరిగిందంతే. ఆ పదకొండుమందీ ఉంటే డాలు మీద పడుకోబెట్టి చుట్టూ కంచె కట్టి వాగు దాటించి ఉండేవాళ్లు, రాజవైద్యుడు కట్టు కట్టేవాడు, అక్కడితో సరిపోయేది. ఉన్నవాడు ఒక్కడే. గుర్రం కింద నుంచి తొడ తోలు ఊడేలా లాక్కుని బయటపడి, ప్రభువును వీపున వేసుకుని తుంగపొదల్లోకి మోసుకుపోయాడు. వెతుకుతూ వచ్చినవాళ్లను వచ్చినట్టే నరికాడు. కత్తి విరిగితే వాళ్ల కత్తే లాక్కుని నరికాడు, అదీ పోతే ఒకడి గొంతు పళ్లతో పట్టాడు. పొద్దు వాలే వేళకు ఎవడో వెనక నుంచి విసిరిన బల్లెం ప్రభువు రొమ్ములో దిగింది.

"ఎఱపోతూ," అన్నాడు కొమ్మనదేవుడు, నోట్లో నెత్తురు నింపుకుని. "నన్ను చంపింది శత్రువు కాదురా, నా వాళ్ల తొందర. ఈ మాట నీ నోట రానివ్వకు. వాళ్ల పెళ్లాంబిడ్డలు ఆ చావును చూసుకునే తలెత్తుకు బతకాలి. దేవి కడుపుతో ఉంది. పుట్టే బిడ్డ ఉన్నన్నాళ్లు నువ్వుండాలి. చస్తానంటే నేనొప్పుకోను. ఇది నా ఆన."

ఎఱపోతు రాజదేహాన్ని వీపున మోసుకుని మానుగిరి ద్వారం చేరాడు. జనమంతా ఒక్కటే అడిగారు: పదకొండుమంది చచ్చారే, నువ్వెందుకు చావలేదు? అతను తల దించుకుని ఒక్క ముక్క చెప్పాడు.

"చావలేకపోయాను."

అబ్బో, ఆ తర్వాత అతను పడ్డ మాటలు! దారిన పోతుంటే ఆడవాళ్లు ఉమ్మేవారు. పెళ్లిపందిట్లో కూర్చుంటే పక్కవాడు లేచిపోయేవాడు. అతనికి పిల్లనిచ్చేదెవరు? ఆయుధశాల కాపరి కూతురు మైలసాని తనే ముందుకొచ్చింది. "ఊళ్లో మగాళ్లంతా చావడం గురించే గొప్పలు చెబుతారు, చచ్చినవాణ్ణి నేనేం చేసుకోను? ఈ బతికినవాణ్ణే చేసుకుంటాను" అని తండ్రి ముందు మొండికేసింది. ఐదుగురిని కన్నారు. అమ్మవారు పోసి ఇద్దరు పోయారు, పెద్దకొడుకు సరిహద్దు పోరులో పోయాడు. ఆ పీనుగును కూడా ఎఱపోతే మోసుకొచ్చాడు. కూతురు కుందమకు జడ వేసిందీ అతనే, దాన్ని పొరుగూరి కోటలో ఇచ్చి పంపిన రోజున గాదె చాటున నిలబడి భోరుమన్నదీ అతనే. దేవి కడుపున పుట్టిన మాచనదేవుణ్ణి భుజాన ఎక్కించుకుని తిప్పాడు, కత్తి పట్టడం నేర్పాడు, ప్రతి యుద్ధంలో అతని ఏనుగుకు కుడిపక్క నడిచాడు. ఒంటి మీద గాయాలన్నీ రొమ్ము మీదివే, వీపున ఒక్కటి లేదు. అయినా ఎవరూ ఆ గాయాలు చూడలేదు, అందరికీ కనబడింది తలకాయే. మైలసాని కూడా ఏనాడూ కారణం అడగలేదు. ఇంత మొండివాడు చావుకు జడిశాడంటే ఆమె నమ్మలేదు, నమ్మలేదని అతనికి చెప్పనూలేదు.

ఇక ఇప్పటి సంగతి. మాచనదేవుడు మొన్నటి పోరులో భుజాన బాణం దిగి, జ్వరంతో నగరిలో మంచం పట్టాడు. ఆ అదను కోసమే కాచుకుని ఉన్నాడు మహామంత్రి విస్సన ప్రెగడ. మాట తేనె, చూపు మెత్తన, లోపలంతా లెక్కలు. మానుగిరి సింహాసనం నీదేనని పడమటి రాయడు అతనికి రహస్యంగా మాటిచ్చాడు. కానీ ద్వారం తెరవడమెలా? అరవైమంది లెంకలను నరికి తెరవాలంటే రాయని సైన్యం సగం చాలదు. విస్సన ప్రెగడ నవ్వుకున్నాడు. లెంకలను నరకడమెందుకు, ఒక్క గొడుగు దించితే వాళ్లే నరుక్కుంటారు కదా!

వైద్యుణ్ణి లోబరచుకుని రాజుకు నల్లమందు పోయించాడు. మాచనదేవుడు పిలిచినా పలకని మత్తులో పడిపోయాడు. అంటుజ్వరమని చెప్పి రాజమాతను ఆ గదివైపు రానివ్వలేదు. ఎఱపోతు అంబలి సగం తాగి కుండ దించిన ఆ మధ్యాహ్నమే నగరి మేడ మీద తెల్లగొడుగు ఊగింది. ఊగి, ఒరిగి, గోడ వెనక్కి పోయింది. వెంటనే చావుడప్పు మోగింది.

కోటంతా ఒక్కసారిగా ఘొల్లుమంది. ద్వారం మీద లెంకలు విల్లంబులు కింద పెట్టారు. పెట్టక ఏం చేస్తారు? తలపాగాలు తీశారు, జుట్లు విప్పారు, బారులు తీరి చంపుడుగుడి ముందుకు వచ్చారు. వాళ్ల వెంటే విస్సన ప్రెగడ తన సొంత భటులతో వచ్చి, ఉత్తరీయంతో కళ్లొత్తుకుంటూ గుడిమెట్టు మీద నిలబడ్డాడు.

"లెంకలారా! మానుగిరి భాగ్యసూర్యుడు నడిమింటనే అస్తమించాడు. కన్ను మూసే ముందు ఏలినవారు ఈ విస్సన చేయి పట్టుకుని, 'ప్రెగడా, నా లెంకలు నాకంటే వెనకబడరు కదా' అని అడిగారు. ఏమని బదులు చెప్పను? మీ తండ్రుల రాళ్లు చూపించి, వీళ్లు వాళ్ల కొడుకులు దేవరా, అన్నాను. ఆ మాట వినే వారు హాయిగా వెళ్లిపోయారు. వెళ్లండి వీరులారా. ద్వారం సంగతి నా భటులు చూసుకుంటారు."

మాటలు ఎంత బాగున్నాయో చూడండి! విన్నవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచింది. అందరికంటే పెద్దవాడు అక్కిన లెంక ముందుకు నడిచి, భైరవుడికి మొక్కి, కత్తి ఎత్తాడు. తల తెగి మెట్ల మీద దొర్లింది. మొండెం క్షణకాలం మోకాళ్ల మీద నిలబడి, తర్వాత పక్కకు ఒరిగింది. నెత్తురు పాయలుగా పారి మొదటి వీరగల్లు పాదాల దాకా వచ్చింది. రెండోవాడుగా గొంకడు కదిలాడు.

"ఆగండ్రా!"

ఆ కేక ఎఱపోతుది. సానను తన్నుకుంటూ లేచి వచ్చి కొడుక్కీ గుడికీ మధ్య నిలబడ్డాడు.

"గొడుగు చూసి చావకండి. శవం చూసి చావండి!"

ఒకరిద్దరు పకపకా నవ్వారు, అంతటి చావులోనూ. విస్సన ప్రెగడ జాలిగా తల ఊపాడు. "ఎఱపోతు లెంకా, నలభై ఏళ్లు బతికింది చాలదా నీకు? ఈ పిల్లలకు కూడా ఆ విద్య నేర్పుతావా?"

"నేర్పుతాను ప్రెగడా. ఈ కోటలో ఆ విద్య వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే." ఎఱపోతు లెంకలవైపు తిరిగాడు. "బిడ్డల్లారా, నలభై ఏళ్లు నాలుక కరుచుకుని దాచిన మాట ఇవాళ చెబుతున్నాను. నాకు పాపం చుట్టుకున్నా సరే. గుండ్లవాగులో గొడుగు పడ్డప్పుడు పెద్దదేవర చావలేదు. ఏనుగు చాటున పడి, నా లెంకలేరిరా అని పిలిచారు. పలకడానికి ఒక్క తలా మెడ మీద లేదు. మీ తండ్రుల వీరత్వాన్ని వేలెత్తి చూపినవాడి వేలు నేను నరుకుతాను. కానీ వాళ్లు ఒక్క ఘడియ ఆగి శవం చూసి ఉంటే, ఆ ప్రభువు తన కొడుకు మొహం చూసేవాడు. నన్ను చావొద్దని ఆన పెట్టింది ఆయనే. ఈ కొడుకు ఉన్నన్నాళ్లు ఉండమన్నారు, ఉన్నాను. ఈయన కూడా నిజంగా పోతే ఇక నాకు అడ్డమెవరు? మీకంటే ముందు నేనే పోతాను. పోయారో లేదో చూడనివ్వండి, అంతే నేనడిగేది!"

ఆ మరుక్షణమే ఆ పదకొండుమందిలో ఒకడి కొడుకు సబ్బయ ముందుకురికి కత్తిపిడితో ముసలివాడి మొహం మీద కొట్టాడు. ముక్కు చితికి నెత్తురు కారింది.

"నా తండ్రి రాజును చంపాడంటావురా, పిరికిపందా!"

గొంకడు మాత్రం కొట్టలేదు. కొట్టినా బాగుండేది. ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి తండ్రి కళ్లలోకి చూసి మెల్లగా అన్నాడు: "అయ్యా, అప్పుడు నీ ప్రాణం దాచుకున్నావు. ఇవాళ నా ప్రాణం దాచడానికి చచ్చినవాళ్ల పేరు తీస్తున్నావు. నీ పుణ్యముంటుంది, పక్కకు జరుగు."

ముసలివాడి గుండె అక్కడ పగిలింది. నలభై ఏళ్ల ఊరి ఉమ్ములు చేయలేని పని కన్నకొడుకు ఒక్క మాటతో చేశాడు. వీళ్లు నమ్మరు. తన నోటికి విలువ లేదు, పిరికివాడి నోరది. ఇంకో ఊపిరిలో తన బిడ్డ తల ఆ మెట్ల మీద దొర్లుతుంది, ఆ వెనక ద్వారం తెరుచుకుంటుంది, కోటలోని ఆడవాళ్లు, పసివాళ్లు, మంచంలో పడి ఉన్న ఆ ప్రభువు, అందరూ పోతారు. ఎఱపోతు చుట్టూ చూశాడు. పొద్దున తను పదును పెట్టిన గండ్రగొడ్డలి సాన పక్కన మెరుస్తోంది.

దాన్ని తీసుకుని ఎడమపాదం వీరగల్లు అరుగు మీద పెట్టాడు.

"కాలుండగా పెండేరం ఊడదన్నారు కదరా," అన్నాడు. "చూడండి మరి."

మొదటి దెబ్బకు ఎముక సగమే తెగింది. కేక పెట్టకుండా పళ్లు బిగించి రెండోది వేశాడు. పాదం పెండేరంతో సహా అరుగు మీద నుంచి జారింది. నెత్తురు చిమ్మి సబ్బయ మొహాన పడింది. ఎఱపోతు రాతికి జారగిలబడి, వంగి, ఆ పాదాన్ని చేత్తో అందుకుని పైకెత్తి పట్టాడు.

"పిరికివాడి చెయ్యి ఇలా ఉంటుందేమో మీరే చెప్పండి. ప్రభువు శవం చూపించండి, ఇదే గొడ్డలితో నా తల నేనే ముందు తీసుకుంటాను. అంతదాకా ఒక్కడు చావడానికి వీల్లేదు!"

గొంకడి చేతిలో కత్తి కిందికి దిగింది. అతను తండ్రిని చూశాడు, పాదాన్ని చూశాడు, ఆ పదకొండు రాళ్లను చూశాడు. తర్వాత విస్సన ప్రెగడ వైపు తిరిగాడు.

"ప్రెగడగారూ, ఏలినవారి దేహం చూపించండి."

"రాజదేహం... లోపల అభ్యంగనం జరుగుతోంది. బయటివాళ్లు చూడరాదు..."

"అయితే అయ్యేదాకా ఆగుతాం. ద్వారం దగ్గరే ఆగుతాం."

విస్సన ప్రెగడ మొహం పాలిపోయింది. కళ్లలో ఇందాకటి తడి లేదు. వెనక్కి గెంతి, "తీయండి! గడియ తీయండి!" అని కేకేశాడు. ద్వారం మీది అతని భటులు గడియమాను లాగారు. ఆ కేకతో ఇక ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

తలుపులు విచ్చుకున్నంత మేర పడమటి సైన్యం లోపలికి దూసుకొచ్చింది. ఎదురుగా ఖాళీ కోట ఉంటుందనుకుని వచ్చారు పాపం! జుట్లు విరబోసుకుని, చావడానికి సిద్ధమై, చావొద్దని ఆపబడ్డ యాభైతొమ్మిదిమంది లెంకలు ఎదురయ్యారు. ఆ పోరు ఎలా వర్ణించను! ముందువాడి శవం మీద వెనకవాడు జారి పడ్డాడు, పడ్డవాణ్ణి పడ్డట్టే పొడిచారు. సబ్బయ రెండు చేతులా గొడ్డలి తిప్పుతూ, "శవం చూపించండ్రా!" అని అరుస్తూ ఏడుస్తూ నరికాడు. కడుపులో బల్లెం దిగాక కూడా ఆ బల్లెం పట్టుకుని దాని వెంబడే ముందుకు నడిచి, పొడిచినవాడి గొంతు నులిమి వాడితోపాటు కూలాడు. గొంకడు చెవి తెగి వేలాడుతుంటే దాన్ని పీకి పారేసి, తలుపుకు భుజం ఆనించాడు. బురుజు మీది ఆడవాళ్లు నూనె బానలు దొర్లించారు. ద్వారపు సందులో మనుషులు గుర్రాలతో సహా వేగిపోయారు.

ఈ నరకంలోనే మైలసాని మొగుడి దగ్గరకు పరిగెత్తుకొచ్చి, పైట చించి తొడకు బిగగట్టింది.

"నెత్తురు ఆగట్లేదు. నూనె పోయాలి. కళ్లు మూసుకో."

"మూసుకోను. గొంకడు కనబడుతున్నాడు."

మైలసాని కాగే నూనె గరిటెతో తెచ్చి తెగిన చోట పోసింది. మాంసం చుయ్యిమంది. ముసలివాడి ఒళ్లంతా విల్లులా వంగి మళ్లీ నేలకు పడింది. ఆమె నోరు మాత్రం ఆగలేదు. "నలభై ఏళ్లు కడుపులో పెట్టుకున్నావు కదయ్యా, నాకొక్కదానికి చెబితే నీ సొమ్మేం పోయేది? ఆ ఉమ్మేవాళ్ల నోళ్లు నేను చూసుకునేదాన్ని కాదూ!"

"అందుకే చెప్పలేదే," అన్నాడు ఎఱపోతు. అంత బాధలోనూ అతని పెదవుల మీద నవ్వులాంటిది కదిలింది.

లెంకలు శత్రువును అడుగడుగూ వెనక్కి నెట్టి, శవాల గుట్టను ఈడ్చి, తలుపులు మూసి గడియ వేశారు. చిక్కుబడిన విస్సన ప్రెగడ దాక్కునే చోటు కోసం వీరగల్లుల సందులోంచి గుడివైపు పరిగెత్తాడు. ఏదో చెయ్యి అతని పంచె కొస పట్టి లాగింది. బొక్కబోర్లా పడి తల తిప్పి చూస్తే, ఎదురుగా ముక్కు చితికిన ముసలి మొహం.

"నేను పరిగెత్తలేను ప్రెగడా. నువ్వూ పరిగెత్తకు."

"లెంకా, నీకు దండనాయకత్వం ఇప్పిస్తాను! నీ కొడుక్కి..."

ఎఱపోతు సాన పక్కనున్న కత్తి తీసుకుని అతని గొంతు కింద పొడిచి, పిడి దాకా దించి, మాట ఆగేదాకా అలాగే పట్టుకున్నాడు.

చావుడప్పు విన్న రాజమాత అక్కడ నగరిలో ఊరుకోలేదు. అడ్డం వచ్చిన కావలివాణ్ణి చేతి దీపస్తంభంతో కొట్టి, గది తలుపు తోసి, కొడుకు ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది. ఆ ముసలితల్లి ఎవరినీ పిలవలేదు. మేడ మెట్లు తనే ఎక్కి, పడి ఉన్న గొడుగు రెండు చేతులా ఎత్తి నిలబెట్టి, పొద్దు వాలేదాకా వదలకుండా పట్టుకుని నిలబడింది.

కింద ద్వారం దగ్గర ఆ తెల్లని గొడుగును మొదట చూసింది గొంకడు. కత్తి జారిపోయింది. యాభైతొమ్మిదిమందిలో బతికినవాళ్లు ఇరవైమందికి మించరు. ఆ ఇరవైమందీ గొడుగు వంక చూసి, తర్వాత రాతికి ఆనుకుని కూర్చున్న ముసలివాడి వంక చూసి, ఒక్కొక్కడే వచ్చి అతని ముందు నేల మీద సాగిలపడ్డారు. చావు దుప్పటి కప్పినట్టు పడుకున్న సబ్బయ చెయ్యి కూడా ఆ వైపే చాచి ఉంది.

మత్తు దిగీ దిగకముందే మాచనదేవుణ్ణి పల్లకిలో తెచ్చారు. రాజు ఊగుతూ దిగి వచ్చి, చిన్నప్పుడు తనను మోసిన ఆ భుజం పట్టుకుని, నెత్తుటిలోనే కూలబడ్డాడు.

"ఎఱపోతయ్యా! ఏమిటయ్యా ఇది!"

"దేవరా, తమరుండగా నేను పోరాదని పెద్దదేవర ఆన. ఇప్పుడు చూస్తే ప్రాణం ఆగేట్టు లేదు. తమరు సెలవిస్తే తప్ప పోకూడదు నేను."

"ఇవ్వను. నేనివ్వను." రాజు గొంతు చిన్నపిల్లవాడి గొంతులా చీలింది.

"ఇవ్వకపోతే ఆన తప్పినవాణ్ణయి పోతాను దేవరా. ఆ ఆనను ఇంతకాలం మోసి, గుమ్మం దాకా తెచ్చి, ఇక్కడ దించమంటారా?"

రాజు చాలాసేపు ఏడ్చాడు. తర్వాత పక్కనున్న కుండలోకి చూశాడు. మధ్యాహ్నపు అంబలి ఇంకా సగం ఉంది. దోసిట్లోకి కొద్దిగా ఒంచుకుని ఎఱపోతు నోటికి అందించాడు. మొదటి ముద్ద లెంకకు ప్రభువే పెట్టాలి కదా, ఆఖరి ముద్దా తనే పెట్టాడు.

"సెలవు, ఎఱపోతయ్యా."

ముసలివాడు ఆ చేతిని కళ్లకద్దుకున్నాడు. తర్వాత అతని చూపు గొంకడి కోసం వెతికింది. గొంకడు వీరగల్లు వెనక తల దించుకుని నిలబడి ఉన్నాడు. చెంప నుంచి నెత్తురు కారుతోంది, ముందుకు రావడానికి కాళ్లు రావడం లేదు.

"ఒరే గొంకా. అంబలి తాగావురా?"

"లేదయ్యా."

"రా. ఇక్కడ కూర్చో."

గొంకడు వచ్చి తండ్రి పక్కన, భుజానికి భుజం ఆనించి కూర్చున్నాడు. మైలసాని కుండ అందించింది. నెత్తురు చేతులతోనే ఎత్తి తాగాడు, ఏడుస్తూ, పొరమారుతూ, మిగిల్చకుండా తాగాడు. ఎఱపోతు వాడి గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాడు. కుండ దించేసరికి తండ్రి తల కొడుకు భుజం మీద వాలి ఉంది.

పడమటి రాయడు తొలకరికి ముందే డేరాలు పీకి వెళ్లిపోయాడు. చంపుడుగుడి ముందు పన్నెండో వీరగల్లు లేచింది. మిగతా పదకొండుమందీ తలలు చేత పట్టుకుని ఉంటే, ఇతను తల మెడ మీదే ఉంచుకుని పాదం చేత పట్టుకుని కూర్చున్నాడు. పక్కన భార్య, ఐదుగురు పిల్లలు, ముందొక అంబలికుండ. ఆ పదకొండు రాళ్ల పసుపు కుంకుమలు మాత్రం తగ్గనివ్వలేదు మైలసాని. అవి ఆగకూడదని కదా ఆ మనిషి అన్నేళ్లు ఉమ్ములు తుడుచుకున్నాడని, తనే పూసేది.

మానుగిరి లెంకల ప్రమాణానికి ఒక ముక్క కొత్తగా చేరింది. పెండేరం బిగగొట్టేటప్పుడు ఆఖరి సుత్తిదెబ్బ వేయకుండా కమ్మరి ఆగి, "గొడుగు పడితే?" అని అడుగుతాడు. ఎన్నో ఏళ్ల తర్వాత గొంకడి కొడుకు ప్రభువు ముద్ద తిని కమ్మరి పీట మీద కాలు పెట్టిన రోజున, నిండు కొలువులో ముందువరసలో ఒక పండుముసలిది కర్ర ఆనించుకుని కూర్చుని ఉంది. చెవులు సరిగా వినబడవు.

"గొడుగు పడితే?" అన్నాడు కమ్మరి.

"శవం చూస్తాను," అన్నాడు కుర్రవాడు.

మైలసాని కర్రతో నేల మీద ఒక్కటి కొట్టింది. "గట్టిగా చెప్పరా! మీ తాతకు వినబడాలి."